గెలవనివాడి మాట ఎవరు వింటారు?

ప్రశ్న: మాది విజయవాడ. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు నడుపుతున్నాను. మా అబ్బాయికి పదమూడో ఏట నుంచి కార్టింగ్ పిచ్చి, అదే, చిన్న రేసు బళ్ళు తోలడం. మప్పింది నేనే, ఒప్పుకుంటాను. సెలవులొస్తే చాలు కోయంబత్తూరు, చెన్నై ట్రాకులకి తిప్పాను. తర్వాత రెండేళ్ళు చిన్న ఫార్ములా కార్లు కూడా తోలాడు. ఒకసారి మూడో స్థానం వచ్చింది, అంతకు మించి రాలేదు. స్పాన్సర్లు దొరకలేదు. పోరంకిలో ఉన్న స్థలం ఒకటి ఇందుకోసమే అమ్మేశాను. ఇప్పుడు వాడికి 23. ఇంజనీరింగ్ అయింది. మొన్న వచ్చి ‘ఇంక తోలను నాన్నా, రేసులకి కామెంటరీ చెప్తాను’ అన్నాడు. గదిలో తలుపేసుకుని ఫోనులో ఏదో వాగి రికార్డు చేసుకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ‘ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తోలలేనోడివి మాటలమ్ముకుని బతుకుతావా’ అనేశాను. నెల రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. గెలవనివాడి మాట ఎవరు వింటారండీ? అందులో తిండి పుడుతుందా? షాపు వెనక పడున్న కార్ట్‌ని అమ్మేయమంటారా?
పేరు వద్దు, విజయవాడ

సమాధానం:

మద్దెల సంగతి ముందు తేల్చుకుందాం. ఆడలేనివాడు మద్దెల మీద నెపం పెడతాడు. మీ అబ్బాయి దేని మీదా నెపం పెట్టలేదే! కారు బాగాలేదనలేదు, టీమువాళ్ళు అన్యాయం చేశారనలేదు, నాన్న రెండో స్థలం కూడా అమ్మితే గెలిచేవాణ్ణనీ అనలేదు. ‘ఇంక తోలను’ అన్నాడు, అంతే. పదేళ్ళు ఒక్కదాని మీదే బతికిన కుర్రాడు ఆ మాట మీ ఎదుట నిలబడి అనడానికి ఎన్ని రాత్రులు నిద్ర మాని ఉంటాడో లెక్కేసుకోండి. మీరు విసిరిన సామెత తప్పు మనిషికి తగిలింది. దాని సంగతి తర్వాత చూద్దాం.

ముందు మీ పెద్ద ప్రశ్న. గెలవనివాడి మాట ఎవరు వింటారని కదా? దీనికి జవాబు ఇంగ్లండ్‌లో ఉంది, అదీ మీలాంటి ఇంట్లోనే.

నార్ఫోక్ ప్రాంతంలో కింగ్స్ లిన్ అని ఒక ఊరు. అక్కడ 1959లో పుట్టిన మార్టిన్ బ్రండల్ వాళ్ళింట్లో చేసేది కార్ల వ్యాపారం. షెడ్డు, గ్రీజు వాసన, లెక్కల పుస్తకం, అన్నీ మీకు తెలిసినవే. కుర్రాడు పన్నెండేళ్ళకే గడ్డి మైదానాల్లో పాత కార్లతో పందేలు మొదలుపెట్టాడు. 1983లో, ఫార్ములా వన్‌కి కింది మెట్టైన బ్రిటిష్ ఫార్ములా 3లో ఇతనికి ఎదురుపడినవాడు ఎవరనుకున్నారు? తర్వాత మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అయర్టన్ సెన్నా. మొదటి తొమ్మిది పందేలూ వరసపెట్టి సెన్నాయే గెలిచాడు. మన దగ్గరైతే ఆపాటికి ఇంట్లోవాళ్ళు బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్పించి ఉండేవాళ్ళు. బ్రండల్ అక్కణ్ణుంచి ఒక్కొక్కటే గెలుచుకుంటూ వచ్చి ఆ టైటిల్‌ని చివరి పందెందాకా లాక్కొచ్చాడు. చివరికి సెన్నాకే దక్కిందనుకోండి.

మరుసటి ఏడు టిరెల్ జట్టుతో ఫార్ములా వన్‌లోకి వెళ్ళాడు. డెట్రాయిట్‌లో రెండో స్థానం. గెలిచిన పికేకి, ఇతనికి మధ్య సెకను తేడా కూడా లేదు. కొత్తగా వచ్చిన కుర్రాడికి అంతకంటే ఏం కావాలి? రెండు వారాలు తిరగలేదు, డాలస్‌లో గోడని గుద్ది చీలమండలూ పాదాలూ విరగ్గొట్టుకున్నాడు. ఎడమ పాదం తీసేయాల్సి వస్తుందేమో అన్నంతవరకూ వచ్చింది. ఆ మంచం మీద ఉండగానే ఇంకో దెబ్బ. టిరెల్ కార్లు నిబంధనలకి విరుద్ధంగా ఉన్నాయని చెప్పి ఆ ఏడాది జట్టు ఫలితాలన్నీ కొట్టేశారు. డెట్రాయిట్‌లో వచ్చిన ఆ రెండో స్థానం ఇప్పుడు ఏ పట్టికలోనూ ఉండదు. కాళ్ళూ పోయె, కాగితమూ పోయె.

అయినా తిరిగొచ్చాడు. 1988లో జాగ్వార్‌తో ప్రపంచ స్పోర్ట్స్‌కార్ ఛాంపియన్ అయ్యాడు, 1990లో లె మాన్ 24 గంటల పందెం గెలిచాడు. కాబట్టి అసలు గెలవనివాడని అనలేం. కానీ జనం లెక్కపెట్టేది ఫార్ములా వన్‌నే కదా, అక్కడ లెక్క ఇదీ: 158 పందేలు, తొమ్మిది పోడియంలు (అంటే మొదటి మూడు స్థానాల్లో ఒకటి), మొదటి స్థానం ఒక్కటీ లేదు. 1992లో బెనెటన్ జట్టులో పక్క కారు, తర్వాత ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన షూమాకర్‌ది. ఆ ఏడాది బ్రండల్ ఐదుసార్లు పోడియం ఎక్కాడు. ఏడాది చివర్లో అతణ్ణి తీసేసి వేరేవాణ్ణి పెట్టుకున్నారు. నేను మొదటిసారి ఈ వివరాలు చదివినప్పుడు నాకే కోపమొచ్చింది.

ఇక 1996 మెల్‌బోర్న్. మొదటి ల్యాపులోనే ముందు కార్ల మీదికెక్కి ఇతని జోర్డాన్ కారు గాల్లోకి లేచింది, బోర్లా పడి రెండు ముక్కలైంది. పందెం ఆపేశారు. చూసేవాళ్ళంతా ఊపిరి బిగబట్టి ఉంటే, ఆ ముక్కల్లోంచి బయటికొచ్చిన బ్రండల్ డాక్టరు చేత సరే అనిపించుకోవడానికి జట్ల షెడ్లుండే పిట్స్ వైపు పరుగెత్తాడు. పన్నెండేళ్ళ కిందట పోతాయనుకున్న కాళ్ళతో! స్పేర్ కారెక్కి మళ్ళీ మొదలైన పందెంలో దిగాడు. ఎక్కువసేపు నిలవలేదు, కానీ దిగాడు. ఆ ఏడాది అయ్యాక సీటు దొరకలేదు. వయసు 37.

1997లో ఐటీవీ అనే ఛానల్ బ్రిటన్‌లో ఫార్ములా వన్ ప్రసార హక్కులు తీసుకుంది. అప్పటికే ఆ దేశమంతా గొంతు గుర్తుపట్టే ముర్రే వాకర్ పక్కన బ్రండల్‌ని కూర్చోబెట్టింది. ఆ ఏడాదే సిల్వర్‌స్టోన్‌లో, పందెం మొదలయ్యే ముందు కార్ల మధ్య మైకు పట్టుకుని తిరుగుతూ కనబడినవాణ్ణల్లా పలకరించే కార్యక్రమం మొదలైంది. దాన్ని గ్రిడ్ వాక్ అంటారు. రిహార్సలు ఉండదు, రాసిచ్చిన ప్రశ్నలుండవు. కొందరు జవాబు చెప్తారు, కొందరు మొహం తిప్పుకుని పోతారు. ఆ తర్వాత హక్కులు చేతులు మారిన కొద్దీ 2009లో బీబీసీకి, 2012లో స్కైకి వెళ్ళాడు. ఛానళ్ళు మారాయి, గొంతు మారలేదు. ఇంగ్లీషులో ఫార్ములా వన్ చూసేవాళ్ళలో ఆ గొంతు తెలియనివాడు అరుదు. ఆ 158 పందేల్లో ఎన్ని గెలిచాడని వాళ్ళలో ఎవరూ లెక్క అడగరు.

ఎందుకు వింటారో చెప్తాను, ఇదే అసలు కిటుకు. కామెంటరీలో రెండు కుర్చీలుంటాయి. ఒకాయన జరిగేది చెప్తాడు: ఫలానావాడు ముందుకెళ్ళాడు, ఫలానావాడు పిట్‌లోకొచ్చాడు. రెండో కుర్చీలో కూర్చున్నవాడు ఎందుకు జరిగిందో చెప్పాలి. ఈ రెండో కుర్చీకి ట్రోఫీలతో పని లేదు, స్టీరింగ్ పట్టిన చేతులతో పని ఉంది. ఉదాహరణకి, ముందు కారుని పది ల్యాపులుగా తరుముతున్నవాడు ఉన్నట్టుండి రెండు సెకన్లు వెనకబడ్డాడనుకోండి. టీవీ ముందు కూర్చున్న మనం ‘అయిపోయాడు, చేతులెత్తేశాడు’ అంటాం. తోలినవాడు అలా అనడు. హైవే మీద లారీ వెనకే బైకు తోలితే గాలి ఎలా చెదిరి కొడుతుందో మీకు తెలుసు. ముందు కారు చెదరగొట్టిన గాలిలో వెనక కారుకి నేల మీద పట్టు తగ్గుతుంది. టైర్లు జారుతాయి, జారిన కొద్దీ వేడెక్కుతాయి, వేడెక్కిన కొద్దీ ఇంకా జారుతాయి. అందుకని కాస్త వెనక్కి తగ్గి, మంచి గాలి తగలనిచ్చి, టైర్లు చల్లార్చుకుంటాడు. ‘మూడు ల్యాపులు ఆగండి, మళ్ళీ వస్తాడు’ అని చెప్పగలిగినవాడు ఆ కుర్చీకి పనికొస్తాడు. నిజంగానే మూడు ల్యాపుల తర్వాత వాడు మళ్ళీ వచ్చాడా, ఇక ఆ చెప్పినవాణ్ణి జనం వదలరు.

ఇంకో సంగతి ఉంది, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. 1994లో సుజుకాలో కుండపోత వానలో బ్రండల్ కారు జారి ట్రాకు బయటికి పోయింది. అప్పటికే అక్కడ జారిపోయిన ఇంకో కారుని తీయడానికి ట్రాక్టరు దిగి ఉంది. దాన్ని కొద్దిలో తప్పించుకున్నాడు, కానీ ట్రాకు పక్కన పనిచేసే ఒక మార్షల్‌ని తగిలి అతని కాలు విరిగింది. సరిగ్గా ఇరవయ్యేళ్ళకి, 2014లో అదే సుజుకాలో, వానలోనే జూల్స్ బియాంచి కారు అలాంటి వాహనం కిందికే దూసుకుపోయింది. 2015 జులైలో అతని ప్రాణం పోయింది. ట్రాకు మీద ట్రాక్టర్ల గురించి బ్రండల్ మైకులో మాట్లాడితే ఎవరూ నోరెత్తరు. ఆ మాట వెనక ఏముందో అందరికీ తెలుసు. మీరు ‘మాటలమ్ముకోవడం’ అన్నారే, అలాంటి మాటని అమ్మాలంటే ముందు చాలా పెట్టి కొనాలి. మీ అబ్బాయి కొన్నాడు. డబ్బు మీరు కట్టారు, నిజమే. భయం వాడు కట్టాడు.

మన దేశంలో కావాలంటే కరుణ్ చందోక్‌ని చూడండి. చెన్నై కుర్రాడు, 1984లో పుట్టాడు. తాత ఇందు చందోక్ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టినవాళ్ళలో ఒకరు. మీ వాడు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో తోలి ఉంటాడే, ఆ ట్రాకు ఆ క్లబ్బుదే. కరుణ్ 2010లో హిస్పానియా అనే కొత్త జట్టుతో ఫార్ములా వన్‌లో దిగాడు. బహ్రెయిన్‌లో మొదటి పందెం. కారు ఎంత కొత్తదంటే, ఎవరు ఏ స్థానంలో మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌కి ముందు అది ఒక్క ల్యాపు కూడా తిరగలేదు! షోరూమ్ నుంచి కొత్త లారీని బయటికి తీసి నేరుగా శ్రీశైలం ఘాట్ ఎక్కించినట్టు. పందెంలో రెండో ల్యాపుకే బయటికి. మొనాకోలో చివరి ల్యాపుల్లో ఒక మలుపు దగ్గర జార్నో ట్రుల్లీ కారు ఇతని తల మీదుగా దాదాపు ఎక్కేసింది. పది పందేలయ్యాక సీటు ఇంకొకరికి ఇచ్చారు. మరుసటి ఏడు లోటస్ కారులో జర్మనీలో ఒక్కటి. మొత్తం 11 పందేలు, సంపాదించిన పాయింట్లు సున్నా. 2012లో లె మాన్ 24 గంటల పందెంలో దిగిన మొదటి భారతీయుడు ఇతనే, ఆరో స్థానం వచ్చింది. ఆ తర్వాత మైకు: బీబీసీ రేడియో, 2016 నుంచి ఛానల్ 4, 2019 నుంచి స్కై. తెర ముందు నిలబడి, ఈ మలుపులో వీడు ఎక్కడ బ్రేకు తొక్కాడు, వాడు ఎక్కడ తొక్కాడు అని వేలితో గీసి చూపిస్తుంటే ప్రపంచ ఛాంపియన్ల అభిమానులు కూడా కిక్కురుమనకుండా వింటారు. 11 పందేలవాడు అంత చెప్పగలుగుతున్నాడంటే దాని వెనక చిన్నప్పట్నుంచీ చదివిన చదువుంది. మీ అబ్బాయి ఇతని నుంచి నేర్చుకోవలసింది అది.

ఛాంపియన్లు కూడా ఈ కుర్చీలో కూర్చున్నారు, లేకపోలేదు. 1976 విజేత జేమ్స్ హంట్ బీబీసీలో అదే ముర్రే వాకర్ పక్కన పదమూడేళ్ళు కూర్చున్నాడు. ఒకరి మాట మీద ఒకరు పడకుండా ఇద్దరికీ కలిపి ఒకటే మైకు ఇచ్చారట. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడమే. మన ఇళ్ళలో రిమోట్ లాగా.

మీ రెండో ప్రశ్నకి వస్తాను, ఇక్కడ మీకు తీపి కబురు చెప్పలేను. తెలుగులో మోటార్ రేసుల కామెంటరీ మీద మాత్రమే ఇల్లు గడవదు. ఫార్ములా వన్ మన దేశంలో ఆగి చాలా ఏళ్ళైంది. గ్రేటర్ నోయిడాలో 2011, 2012, 2013, మూడేళ్ళు జరిగి ఆగిపోయింది. మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుసేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం ఫార్ములా ఈ జరిగింది. రెండో ఏడాది జరగాల్సింది రద్దయింది. క్రికెట్‌కి, కబడ్డీకి తెలుగు కామెంటరీ వచ్చాక వేణుగోపాలరావు, ఎమ్మెస్కే ప్రసాద్ లాంటి మాజీ ఆటగాళ్ళకి చోటు దొరికింది. రేసులకి ఇంకా ఆ చోటు ఏర్పడలేదు. ఏర్పడే రోజుకి మీ వాడు సిద్ధంగా ఉండొచ్చు, ఆలోపు అన్నం మాత్రం వేరే దారిన రావాలి.

అలా రావడంలో నామోషీ ఏం లేదు. ముర్రే వాకర్ దశాబ్దాల పాటు అడ్వర్టైజింగ్ ఉద్యోగం చేసుకుంటూనే శని ఆదివారాలు కామెంటరీ చెప్పాడు. ఆ ఉద్యోగం వదిలేసరికి అరవై దగ్గరపడ్డాయి. బ్రండల్ ఇటు మైకు పట్టుకుంటూనే అటు 1997, 98, 99లలో లె మాన్ తోలాడు, డేవిడ్ కూల్‌తార్డ్ అనే డ్రైవరు వ్యవహారాలు చూశాడు. ఒక్క కొమ్మ మీద కూర్చున్నవాడు కాడు. మీ వాడికి ఇంజనీరింగ్ ఉంది, ట్రాకు తెలుసు, షాపు ఉంది. వారంలో ఐదు రోజులు షాపులో, రెండు రోజులు మైకు దగ్గర. లేదా చిన్నపిల్లలకి కార్టింగ్ నేర్పడం. మూడేళ్ళు గడువు పెట్టుకోమనండి. మీరు పెట్టకండి, వాణ్ణే పెట్టుకోనివ్వండి. ఇంగ్లీషు, హిందీ కూడా సాన పట్టుకోమనండి, చందోక్ తమిళనాడులోనే ఆగిపోయి ఉంటే ఈ ఉత్తరంలో ఉండేవాడు కాదు.

అయితే తెలుగుని వదలొద్దని గట్టిగా చెప్తాను, కారణం ఉంది. ఆ హుసేన్ సాగర్ పందేనికి నేనూ వెళ్ళాను. స్టాండులో నా పక్కన ఒక పెద్దాయన, ఆయన మేనల్లుడు, పద్నాలుగేళ్ళుంటాయి. కార్లకి చప్పుడు లేదని పెద్దాయన మొదటి పావుగంట గొణుగుతూనే ఉన్నాడు. చివరికొచ్చేసరికి ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ వెనక కాసిడీ అంటుకుపోయి వస్తున్నాడు. ‘దాటేయొచ్చుగా, ఏం రోగం’ అన్నాడు పెద్దాయన. కుర్రాడు కళ్ళు ట్రాకు మీంచి తీయకుండా ‘ఎంత ఛార్జింగ్ మిగిలిందో చూసుకుంటున్నారు మామయ్యా, ముందువాడికి అయిపోవచ్చింది, మనం ఇంటికెళ్ళేటప్పుడు స్కూటర్ చూసుకుంటామే, అట్టా’ అన్నాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. చివరి ల్యాపు అయ్యేదాకా కూర్చోలేదు. వెర్న్ ఆ మిగిలిన కాస్త ఛార్జింగ్‌తోనే కాచుకుని గెలిచాడు. ఆ పిల్లాడికి ఎవరూ జీతమివ్వలేదు గానీ అంతకంటే మంచి కామెంటరీ ఆ రోజు నేను వినలేదు.

అలాంటి మాటలు మీ ఆటోనగర్‌లో గుట్టలుగా పడున్నాయి. మలుపులో స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు వినకుండా కారు నేరుగా పోతే ఇంగ్లీషువాళ్ళు అండర్‌స్టీర్ అంటారు. మీ మెకానిక్ ‘తిప్పినా తిరగట్లేదండీ’ అంటాడు. వెనక చక్రాలు జారితే ‘ఎనక విసురుతోంది’ అంటాడు. బండి ఒక పక్కకి లాగుతోంది, గేరు జారుతోంది, బ్రేకు పట్టట్లేదు... వీటిలో ఏ ఒక్కటీ నిఘంటువులో వెతకనక్కర్లేదు, ఏ ఒక్కటీ తప్పూ కాదు. మీ అబ్బాయి గదిలో తలుపేసుకుని మాట్లాడే తెలుగు, నా అనుమానం, టీవీ యాంకర్లని చూసి నేర్చుకున్నది అయ్యుంటుంది. ‘అద్భుతమైన ప్రదర్శన కనబరిచారు’ తరహా. ఆ భాష వదిలేసి షాపు భాష పట్టుకోమనండి. ఈ సలహా నా నోటి నుంచి కంటే మీ నోటి నుంచి వెళ్తే దానికో విలువ.

తప్పులు దొర్లుతాయి. దొర్లినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. నా సంగతే చెప్తా. వయసులో ఉండగా ఒక రేడియో స్టేషన్ వాళ్ళు కబడ్డీ పోటీకి వ్యాఖ్యానం చెప్పమంటే వెళ్ళి, అచ్చం ఒకేలా ఉన్న అన్నదమ్ములిద్దరిలో కోర్టులో ఉన్నవాడి పేరు కాకుండా బెంచీ మీద ఉన్నవాడి పేరు పది నిమిషాలు చదివాను. బెంచీ మీదివాడు కూతకెళ్ళి ముగ్గుర్ని అవుట్ చేసినట్టు జిల్లా అంతా విన్నది. టీ తెచ్చిన కుర్రాడు చెవిలో చెప్తే గానీ తెలియలేదు. ఇంటికెళ్ళి రెండు రోజులు బయటికి రాలేదు. పాతికేళ్ళ అనుభవం తర్వాత బ్రండల్ 2022లో మయామీలో, పావ్‌లో బాంకేరో అనే బాస్కెట్‌బాల్ ఆటగాణ్ణి పట్టుకుని, పాట్రిక్ మహోమ్స్ అనే వేరే ఆట స్టార్ అనుకుని ప్రశ్నలు వేశాడు. ప్రపంచమంతా చూస్తుండగా, లైవ్‌లో! మరుసటి పందేనికి మళ్ళీ అదే మైకు పట్టుకుని వెళ్ళాడు. నేను మాత్రం మళ్ళీ ఆ రేడియో గడప తొక్కలేదు. తేడా అక్కడే వచ్చింది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. నెల రోజులు మాటల్లేకపోవడం చిన్న విషయం కాదు, అందులో మాటే వృత్తి కావాలనుకుంటున్నవాడితో. క్షమించమని అడగడం మీ తరం నాన్నలకి రాదు, నా తరానికి అసలే రాదు. అందుకని వేరే దారి చెప్తాను. వచ్చే ఆదివారం ఏదో ఒక పందెం వస్తుంది. టీవీ పెట్టి, సౌండ్ పూర్తిగా తీసేయండి. వాణ్ణి పిలిచి ‘నాకేం అర్థం కావట్లేదురా, చెప్పు’ అనండి. అంతకు మించి ఒక్క ముక్క అనొద్దు. మొదటి పది ల్యాపులు వాడు ముభావంగా ఉంటాడు, ఒకటీ అరా చెప్తాడు. మీరు ప్రశ్నలడుగుతూ ఉండండి. టైర్ల మీద అడగండి, అది మీకు తెలిసిన సబ్జెక్టే. వాడు తప్పు చెప్తే పట్టుకోండి, మొహమాటపడకండి. పందెం అయిపోయేలోపు మీరు ఫోను తీసి చూసుకున్నారంటే వాడు ఇంకా చాలా నేర్చుకోవాలి. షాపు తాళాలు, రేపటి లోడు, జీఎస్టీ గొడవ ఏవీ గుర్తు రాకుండా జెండా ఊపేదాకా కూర్చున్నారంటే, గెలవనివాడి మాట ఎవరు వింటారన్న ప్రశ్నకి జవాబు మీరే. అవతల గదిలో మీ ఆవిడ కూడా వింటూ ఉంటారు, ఆమెనీ అడగండి ఏం అర్థమైందని. రేసులంటే పడని మనిషికి అర్థమయ్యేలా చెప్పడం అన్నిటికంటే కష్టం.

కార్ట్ మాత్రం ఇప్పుడే అమ్మకండి. ఈ ఊళ్ళో వాడిన కార్ట్‌కి వచ్చే రేటుతో మీ పోరంకి స్థలం వెనక్కి రాదు. పైగా మైకు పట్టుకున్నవాడు అప్పుడప్పుడూ స్టీరింగ్ పట్టకపోతే మాటలో పస తగ్గిపోతుంది. 2012లో బ్రండల్ 53 ఏళ్ళ వయసులో మళ్ళీ లె మాన్‌లో దిగాడు. అదే కారులో వంతులవారీగా ఎక్కినవాళ్ళలో ఒకడు అతని కొడుకు అలెక్స్. తండ్రి దిగితే కొడుకు, కొడుకు దిగితే తండ్రి, 24 గంటలు. పదిహేనో స్థానంలో ముగించారు. మీకెన్నేళ్ళో ఉత్తరంలో రాయలేదు. సీటు మీ కొలతకి సర్దించుకోవాల్సి రావచ్చు.